కానుగ కొమ్మ మీది గోనెపట్ట

పది నెలల మా పాప ఇంట్లో సరిగా నిద్రపోదు. శంషాబాద్‌లో మేం కిరాయికి ఉంటున్న ఇంటి మీదుగా విమానం పోయినప్పుడల్లా ఉలిక్కిపడి లేస్తుంది. తను లేవకపోతే నేను లేచి, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తాను. ఆ వేలు తగిలి లేస్తుంది.

నేను చదువుకున్న యూనివర్సిటీ తోటను బాగుచేస్తున్నారని, పొద్దున పూట అందరినీ రానిస్తున్నారని విని పాపను ఎత్తుకుని వెళ్లాను.

మా రోజుల్లో మధ్యాహ్నం అయిందంటే టిఫిన్ డబ్బాలతో కానుగ చెట్టు కిందికి చేరేవాళ్లం. ఎండలు ముదిరేటప్పుడు పూలు రాలి అన్నంలో పడేవి. ఏరేసి తినేవాళ్లం. ఆ చెట్టుకు తల ఎత్తులో అడ్డంగా సాగిన కొమ్మ ఒకటుంది. కలుపు తీసే ఆడవాళ్లు పిల్లల్ని పడుకోబెట్టడానికి దానికి తాళ్లు వేసి చీరలతో తొట్టెలలు కట్టేవారు. మేం గట్టిగా నవ్వితే, వాళ్లలో పెద్దామె, అందరూ అవ్వ అని పిలిచే మనిషి, కొడవలి ఎత్తి చూపేది.

"పోరిని పండబెట్టెతందుకు నా నడుం వోయింది. లేపిండ్రనుకో, ఇగ మీరే ఊపాలె."

చివరి ఏడాది తోట పరిశీలన మీద నివేదిక రాయాలి. నేను ఆ కొమ్మ మీద బెరడు అరిగిన చోట టేపు పెట్టి కొలిచాను. తాళ్ల వల్ల బెరడు దెబ్బతింటోందని, చెట్లకు తాళ్లు కట్టనివ్వరాదని రాశాను. సార్ మెచ్చుకుని దాన్ని తోట ఆఫీసుకు పంపారు. నెల తిరగకుండా బోర్డు పడింది. ఆ తర్వాత అవ్వ మనవరాలిని వీపుకు కట్టుకుని కలుపు తీసేది.

"చెట్టుకు నొప్పయితదని రాసినవట. మంచిదే బిడ్డా" అంది ఒకరోజు. మెచ్చుకుంటోందనే అనుకున్నాను.

ఇప్పుడు ఆ కొమ్మ మీద కొట్టేయడానికి ఎర్ర రంగుతో పెట్టిన ఇంటూ మార్కు ఉంది. దాని కింద, నేల మీద పరిచిన చీర ముక్క మీద పనివాళ్ల పసిబిడ్డ ఒకడు ఏడుస్తున్నాడు. తల్లి వాడి కాళ్ల మీది చీమలు దులుపుతోంది.

నేను నేరుగా తోట సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్లాను. "అది కొత్త నడకదారికి అడ్డం మేడం. పైగా దెబ్బతిన్న కొమ్మ" అంటూ ఆయన ఫైలు తిప్పి చూపించారు. అందులో ఉన్నది నా చేతిరాతే. "అభ్యంతరం ఉంటే శుక్రవారం లోపల రాసివ్వండి."

తిరిగొచ్చి కొమ్మను తడిమాను. అరిగిన చోట బెరడు ఎప్పుడో పూడుకుపోయింది. అప్పుడు గుర్తొచ్చింది. బెరడు అరగకుండా అవ్వ తాడు కింద మడిచి వేసిన గోనెపట్టను ఆ రోజు కొలవడానికి నేనే పక్కకు జరిపాను. అవ్వ చెప్పింది కూడా: "మా తాడుతోని కాదు బిడ్డా, ఫంక్షన్‌కు సీరియల్ లైట్ల తీగలు గుంజి కట్టిండ్రు, గందుకే గట్లయింది." కొలత రాసుకున్నాను గానీ ఆమె మాట రాయలేదు. పనామె చెప్పింది నివేదికలో ఎలా రాస్తామనుకున్నాను.

అదంతా కాగితం మీద పెట్టి ఇచ్చాను. సూపరింటెండెంట్ రెండుసార్లు చదివారు.

"మీ రిపోర్టును మీరే కాదంటున్నారా?"

"అప్పుడు వదిలేసింది ఇప్పుడు రాశాను సార్."

మూడు వారాలకు మళ్లీ వెళితే ఎర్ర రంగు గీకేసి ఉంది. నడకదారి ఆ చెట్టు దగ్గర కొంచెం వంపు తిరిగింది. కొత్త బోర్డు మీది మాటలు, ఇప్పటికీ అక్కడ కలుపు తీస్తున్న అవ్వకు చదివి వినిపించాను: గోనెపట్ట వేయకుండా చెట్లకు తాళ్లు కట్టరాదు. తీగలు అసలే కట్టరాదు.

నడుం వంగిపోయిన అవ్వ బోర్డు వైపు తలెత్తి చూసింది. "గింతేనా? గీ ముక్క రాసెతందుకు గిన్నేండ్లు పట్టిందా?"

ఆమె గోనెపట్ట మడిచి కొమ్మ మీద వేసి, తాడు కట్టి, పాపను తీసుకుని చీర తొట్టెలలో వేసి నిద్రపోయేదాకా ఊపింది. పైన విమానం పోయింది. పాప కదల్లేదు. నా వేలు దాని ముక్కు దగ్గరికి పోతుంటే అవ్వ నా చేతిమీద ఒక్కటేసింది.

"ఊకో. ఊపిరి పీల్సుడు దానికొస్తది. నువ్వు జర కూసో."

కూర్చున్నాను.