గుమ్మం దగ్గర ఒంటి బూటు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి డైనింగ్ టేబుల్ దగ్గర గోరుచిక్కుళ్ళకు ఈనెలు తీస్తుంటే, ఎదురుగా మా మనవరాలు పరీక్ష కోసం చరిత్ర పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఇంగ్లండులో పుట్టి పెరిగిన పిల్ల అమెరికా చరిత్ర చదవడమేమిటని నాకు మొదటినుంచీ విడ్డూరమే కానీ, ఇక్కడి బళ్ళలో అదొక పాఠమట. తెల్లవాళ్ళు ఎడ్లబళ్ళు కట్టుకుని పడమటికి పోవడం, అక్కడ తరతరాలుగా ఉన్నవాళ్ళ నేల ఆక్రమించుకోవడం, గుర్రపు దళాలు వాళ్ళ గుడారాల మీద పడటం, అన్నీ బొమ్మలతో సహా ఉన్నాయి. రెడ్ ఇండియన్లేనా అని అడిగితే, అలా అనకూడదని ఇంగ్లీషులో దిద్దింది. ఆ పేజీలో ఒక సైనికుడు రాసుకున్న నాలుగు ముక్కలు ఇచ్చి, అతని మాట ఎంతవరకు నమ్మవచ్చో చెప్పమని కింద ప్రశ్న వేశారు. ఎంత బాగా అనుమానిస్తే అన్ని మార్కులట.

నాకు నవ్వొచ్చింది. ఆ పరీక్షేదో నన్ను రాయమంటే మొదటి ర్యాంకు నాదే. తాళం వేసిన తలుపును రెండుసార్లు లాగి చూస్తానని, పాలవాడి మొహం చూసే పాలలో నీళ్ళెన్నో చెబుతానని మా ఆయన పెళ్ళయిన కొత్తలోనే నాకు అనుమానం మనిషి అని పేరు పెట్టారు. అయితే ఆ గుర్రపు సైనికుడి బొమ్మ చూడగానే నవ్వు ఆగిపోయింది. అటువంటి ఫోటోనే నేనొకప్పుడు రోజూ తుడిచేదాన్ని.

నాతోపాటు ఆ రోజుల్లో గుంటూరు, బాపట్ల వైపు నుంచి నర్సులుగా వచ్చినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఊళ్ళో ఆసుపత్రిలో ఇంజెక్షన్లు చేసిన చేతులతో ఇక్కడ మొదట ముసలివాళ్ళుండే కేర్ హోమ్‌లో పక్కలు సర్దాల్సి వచ్చేది. స్టీవెనేజ్‌లో నాకు దొరికిన హోమూ అలాంటిదే. వర్క్ పర్మిట్ ఆ హోమ్ పేరు మీదే ఉంది కనుక, వాళ్ళు పొమ్మంటే ఉద్యోగంతోపాటు దేశమూ వదలాలి. మా ఆయన, పిల్ల అప్పటికి వచ్చి మూడు నెలలైనా కాలేదు. అందుకే డ్యూటీలు వేసే రోటా కాగితంలో నా పేరు ఎక్కడుందో చూసుకునే ముందు, అసలు ఉందో లేదో చూసుకునేదాన్ని.

నాకు అప్పగించిన గదుల్లో ఒకదానిలో ఒక పెద్దాయన ఉండేవాడు. విమానాల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాడు, తొంభై దాటినవాడు, వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసేవాడు, మితభాషి. మంచం పక్కన అలమారలో సైనిక దుస్తుల్లో ఉన్న ఆయన తాతగారి ఫోటో, ఒక బైబిలు, వాటి మధ్య ఒక చిన్న తోలు బూటు ఉండేవి. మెత్తటిది, నా అరచేతిలో ఇమిడేది, పైన నీలం తెలుపు పూసలు కుట్టి ఉన్నాయి. ఆ తాత ఇక్కడ పని దొరక్క అమెరికా వెళ్ళి అక్కడి గుర్రపు దళంలో చేరాడట. ఒక పోరాటంలో అక్కడి తెగ నాయకుడి బిడ్డను కాపాడితే, ఆ నాయకుడు కృతజ్ఞతగా బిడ్డ బూటు బహూకరించాడట. ఈ కథ నాకు చెప్పింది పెద్దాయన కాదు, వారానికోసారి వచ్చే ఆయన కూతురు. కథంతా విని, నా నోరు ఊరుకోక, మరి రెండోదేదీ అని అడిగాను. బహుమతిగా ఇచ్చేవాళ్ళు జత ఇస్తారు కానీ ఒకటి ఇచ్చి ఒకటి ఎందుకు ఉంచుకుంటారన్నది నా సందేహం. కూతురు ముఖం ముడుచుకుంది. పెద్దాయన నన్ను ఒకసారి చూసి కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఆ మర్నాడు దుమ్ము దులుపుతూ నేను చేసిన పని మనవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు. బైబిలు పక్కన పాదరక్షలు ఉండటం చూసి ఎన్నాళ్ళని ఓర్చుకుంటాను? మా అమ్మ బైబిలు పెట్టిన గదిలోకే చెప్పులు రానిచ్చేది కాదు. ఆ బూటు తీసి, శుభ్రంగా తుడిచి, గది గుమ్మం లోపల కాళ్ళపట్టా మీద, ఇంట్లో పిల్లల బూట్లు సర్దినట్టే గోడవారగా పెట్టాను.

సాయంత్రం కూతురు వచ్చేసరికి అలమారలో బూటు లేదు. గుమ్మం దగ్గర పెట్టానని నేను పరుగెత్తుకెళ్ళి చూస్తే అక్కడా లేదు. మేనేజరమ్మ ఆఫీసులోకి పిలిచి ఫిర్యాదు ఫారం తీసి, ముట్టుకోవాల్సిన అవసరం ఏమొచ్చిందని అడిగింది. బైబిలు సంగతి చెప్పాను. నా మాటలు నాకే కట్టుకథలా వినిపించాయి. లాకర్ చూశారు, బ్యాగు చూశారు, విచారణ తేలేదాకా ఆ గదికి వెళ్ళవద్దని నన్ను లాండ్రీలో వేశారు. మర్నాటి నుంచి నేను టీ గదిలోకి వస్తే మాటలు ఆగిపోయేవి. నేను మాత్రం తక్కువ తిన్నానా, దుప్పట్లు మడతపెడుతూ అందరినీ వరసపెట్టి అనుమానించాను. నా ప్రశ్నకు ఒళ్ళు మండి కూతురే దాచేసిందని గట్టిగా నమ్మాను. ఇంట్లో మా ఆయనతో ఒక్క ముక్క చెప్పలేదు. ఆయనకూ నా మీద ఎక్కడ అనుమానమొస్తుందోనని భయం.

నాలుగో రోజు శనివారం, ఇద్దరు ముగ్గురు డ్యూటీకి రాక మనుషులు చాలకపోతే, పెద్దాయనకు చొక్కా మార్చమని నన్నే పంపక తప్పలేదు. ఒళ్ళు కాలుతుందని ఆ హోమ్‌లో చలికి ఒళ్ళో పెట్టుకునే హాట్ వాటర్ బాటిల్ ఇవ్వరు కానీ, దాని పాత ఉన్ని తొడుగు మాత్రం ఎప్పుడూ ఆయన ఒడిలో ఉండేది, అందరికీ అలవాటైపోయింది. చొక్కా కోసం దాన్ని పక్కన పెట్టబోతే చేతికి గట్టిగా ఏదో తగిలింది. లోపల బూటు. నేలకు వంగలేని మనిషి ఎలా వంగి తీశాడో నాకు ఇప్పటికీ తెలియదు.

చొక్కా మంచం మీద పడేశాను. నాలుగు రోజులు నన్ను దొంగను చేసి ఎలా ఊరుకున్నారని అడిగాను. ఆయన తొడుగును మళ్ళీ ఒడిలోకి లాక్కున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: “పుట్టినప్పటి నుంచీ దాన్ని అలమారలోనే చూశాను. నువ్వు గుమ్మం దగ్గర పెట్టాకే, దాన్ని విడిచిన పిల్ల ఒకతె ఉండేదని తోచింది.”

మరి ఎందుకు చెప్పలేదంటే, చెబితే మళ్ళీ అలమారలో పెడతారన్నాడు. తాత కథను తాను చిన్నప్పుడే నమ్మలేదట, నమ్మడం లేదని ఇంట్లో ఎవరితోనూ అనలేకపోయాడట. ఆ బూటు అక్కడి తెగవాళ్ళకు చేరాలన్నాడు. కూతురు ఒప్పుకోదు కనుక దాన్ని నా సంచిలో పెట్టుకుని బయటికి తీసుకెళ్ళమన్నాడు. తన చేత్తో తాను ఇస్తున్నట్టు కాగితం రాసిస్తానన్నాడు.

ఆ కాగితాన్ని ఎవరు నమ్ముతారు? తొంభై ఏళ్ళ మనిషికి మతిలేదంటారు, నేను రాయించుకున్నానంటారు. ఇదంతా నన్ను పట్టివ్వడానికి పన్నిన వలేమోనని కూడా ఒక్క క్షణం అనిపించింది. ఆయన చేయి నా మణికట్టు మీద ఉండగానే రెండో చేత్తో, సిబ్బందిని పిలిచే గోడ మీది కాల్ బెల్ నొక్కాను.

మేనేజరమ్మ వచ్చింది, ఫారం చించేసింది, అపార్థం జరిగిందని అంది. కూతురు నాకొక చాక్లెట్ డబ్బా ఇచ్చింది. బూటు అలమారలోకి వెళ్ళింది, ఈసారి తాళమున్న అద్దాల పెట్టెలో. పెద్దాయన నాతో మళ్ళీ మాట్లాడలేదు. ఆ చలికాలమే పోయాడు, పెట్టెను కూతురు తీసుకెళ్ళిపోయింది.

ఇదంతా చెప్పడం ముగించేసరికి గోరుచిక్కుళ్ళు ఎప్పుడో అయిపోయాయి. మనవరాలు పెన్ను పక్కన పెట్టి, తన ఇంగ్లీషులోనే ఒక్క మాట అడిగింది: “డిడ్ యూ బిలీవ్ హిమ్, అమ్మమ్మా?”

ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్న జవాబు ఒకటుంది: నమ్మలేదు కనుకనే బెల్ నొక్కానని. ఆ పిల్ల ముఖం చూస్తూ ఆ మాట చెప్పలేకపోయాను. నమ్మాను. ప్రతి ముక్కా నమ్మాను. నమ్మి కూడా నొక్కాను.

మా కాలంలో అనుమానం మనుషుల మీద పడేది, మా రంగు మీద, మా సంచుల మీద, కొత్తగా వచ్చిన మా మొహాల మీద. వీళ్ళ కాలంలో దాన్ని ఫోటోల మీద, కథల మీద, తాతల మీద పెట్టమని బళ్ళో కూర్చోబెట్టి నేర్పుతున్నారు. మంచిదే. ఆనాడు ఆ గదిలో ఉండాల్సింది నేను కాదు, ఈ పిల్ల ఉంటే బాగుండేదనిపించింది.

పుస్తకాలు సర్దుకుని మనవరాలు పైకి వెళ్ళాక నేను హాల్లోకి నడిచాను. గుమ్మం దగ్గర దాని బూట్లు ఎప్పటిలాగే చెల్లాచెదురుగా ఉన్నాయి, ఒకటి రేడియేటర్ కిందికి పోయింది. మోకాళ్ళు సహకరించకపోయినా వంగి దాన్ని బయటికి తీసి, రెండోదాని పక్కన పెట్టాను.