మా వైపు ఎవరికీ లేదండీ

మా అమ్మాయి ఏలూరు ఆస్పత్రిలో పుట్టింది. అవి కరోనా రోజులు. నర్సు బిడ్డను నాకు చూపించకుండా, ముఖం మీదికి గుడ్డ లాగి, ముందు మా ఆయన్ని పిలిచింది. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. నా స్వభావమే అంత. కూరలమ్మాయి నవ్వుతూ ఇచ్చినా తూకం చూస్తాను. గుడ్డ తీసేసరికి పై పెదవి చీలి ఉంది. ఆ చీలిక లోపల అంగిలి దాకా పోయింది. ఏడ్చాను. ఏడుస్తూనే, ఇది ఎవరి వైపు నుంచి వచ్చిందా అని ఆలోచించాను.

మా అత్తగారిది మండవల్లి. నాలుగు తరాలుగా చర్చికి వెళ్ళే కుటుంబం. గ్రహణాలూ దోషాలూ నమ్మకూడదని సండే స్కూల్లో పిల్లలకు ఆవిడే చెబుతుంది. అలాంటి మనిషి నా మంచం దగ్గర వంగి, మాస్కు కాస్త కిందికి జరిపి, గుసగుసగా అడిగింది.

"అమ్మాయ్, నీకు మూడో నెలలో గ్రహణం పట్టింది చూడు. ఆ రోజు కత్తిపీట ముందు కూర్చున్నావా?"

కూర్చున్నాను. కొర్రమీను కోశాను. అది తెచ్చింది ఆవిడ కొడుకే. ఆ మాట అంటే, "సర్లే, నేనిలా అడిగానని పాస్టరు గారి దగ్గర అనకు" అంది. ఒళ్ళు మండిపోయింది. ఆ వెంటనే, "మా వంశంలో అయితే ఎవరికీ లేదమ్మా" అని నేను అడక్కుండానే చెప్పింది. అడక్కుండా ఎందుకు చెప్పినట్టు?

అప్పటి నుంచి కూపీ లాగడం మొదలుపెట్టాను. పాపకు కొన్ని నెలల తేడాతో పెదవికీ అంగిలికీ ఆపరేషన్లు అయ్యాయి, మాట కూడా చక్కగా వచ్చింది. నా అనుమానం మాత్రం మానలేదు. పెళ్ళిళ్ళకు వెళితే అత్తవారి చుట్టాల నగలు కాదు, పెదవులు చూసేదాన్ని. కాలం చేసిన మామగారు కాస్త ముక్కుతో మాట్లాడేవారని ఎవరో అన్నారు. ఆయన తమ్ముడికి ఇంత మీసం. ఎందుకు పెంచాడో? ఆయన ఆస్పత్రిలో చేరి, అక్కడ మీసం తీసేశారని తెలిసి, బత్తాయిలు పట్టుకుని మరీ చూడ్డానికి వెళ్ళాను. పెదవి నిక్షేపంగా ఉంది. చిన్నప్పుడే కుట్లు వేయించి ఉంటారనుకున్నాను.

పాపకు రెండేళ్ళప్పుడు మా ఆడపడుచుకు పెంటపాడు నుంచి సంబంధం వచ్చింది. మా ఆయనకు ఒక్కతే చెల్లెలు, సచివాలయంలో ఉద్యోగం. ఇద్దరూ ఒకరికొకరు నచ్చారు. తాడేపల్లిగూడెంలో నేను పాఠాలు చెప్పే స్కూల్లోనే పెళ్ళికొడుకు పిన్ని కూడా టీచరు. ఓ మధ్యాహ్నం స్టాఫ్ రూములో క్యారియర్ మూత తీస్తూ ఆవిడ మెల్లగా అడిగింది.

"ఏమీ అనుకోకండీ. మీ పాప పెదవి సంగతి... అది మీవారి వైపుదా అండీ, మీ వైపుదా అండీ?"

"మా వైపు ఎవరికీ లేదండీ" అన్నాను.

అంతే. అంతకుమించి ఒక్క ముక్క అనలేదు. వాళ్ళు మళ్ళీ రాలేదు. ఎందుకు మానేశారో తెలియడం లేదని అత్తగారు నా దగ్గరే బాధపడితే, నేను ఓదార్చాను కూడా.

ఈ ఏడాది రెండో బిడ్డ కావాలనుకుని, ఏలూరు వచ్చే ఒక జన్యు వైద్యురాలి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ కాగితం మీద మగవాళ్ళకు గళ్ళు, ఆడవాళ్ళకు సున్నాలు గీస్తూ రెండు కుటుంబాల గురించీ అడిగింది. మా ఆయన వైపు సాక్ష్యమంతా నేనే చెప్పాను. ముక్కు మాటా, మీసమూ ఏదీ వదలలేదు. మా ఆయన తల దించుకుని విన్నాడు. ఆవిడ కలం ఆపి నన్నే చూస్తోంది.

"మీ కింది పెదవి మీద ఆ రెండు గుంటలు పుట్టుకతోనే ఉన్నాయా అండీ?"

ఉన్నాయి. ఆవగింజంత, పక్కపక్కనే. మా అమ్మకూ ఉన్నాయి. ఇంట్లో అందరూ ముద్దుగా చూసుకునేవారు. ఒకే జన్యువులోని మార్పు ఒకరికి ఇలా గుంటలతో సరిపెట్టి, ఇంకొకరికి పెదవినో అంగిలినో చీలుస్తుందని, పుట్టబోయే ప్రతి బిడ్డకూ ఆ మార్పు వెళ్ళడానికి సగం అవకాశం ఉందని ఆవిడ చెప్పింది. గ్రహణానికీ కత్తిపీటకూ ఇందులో ఏ సంబంధమూ లేదంది. రక్తపరీక్షలోనూ అదే తేలింది. మా ఆయన ఆ రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆ ఆదివారమే మండవల్లి వెళ్ళాను. పెరట్లో అత్తగారూ ఆడపడుచూ బియ్యం బాగుచేస్తున్నారు. పాపకు అది నా వైపు నుంచే వచ్చిందని చెప్పాను. అత్తగారు కళ్ళు ఒత్తుకుని, "నిన్ను ఆ వేళ అనవసరంగా అన్నానమ్మా" అంది. ఆవిడ లోపలికి వెళ్ళాక, నోరు పెగుల్చుకుని ఆడపడుచుకు స్టాఫ్ రూము మాట చెప్పేశాను. తిడుతుందని చూశాను. ఆమె చేటలోంచి చెయ్యి తీయలేదు.

"నాకు తెలుసు వదినా. ఆ టీచరుగారు అప్పుడే ఫోన్ చేసి చెప్పారు."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"మీరన్నది నిజమే అనుకున్నానండీ. నాకూ అలాంటి పిల్లలే పుడతారేమోనని భయమేసింది. ఆ తర్వాత వచ్చిన సంబంధాలన్నీ వద్దన్నది నేనే. నచ్చలేదని అమ్మకు అబద్ధం చెప్పాను."