అవిసె నూనె సిరా

టాంటా ఊళ్లో మిఠాయి బజారు వెనక సందులో ఇన్సాఫ్ వాళ్ల అచ్చాఫీసు ఉంది. బోర్డు మీద పేరు ఆమె భర్త సబ్రీది. యంత్రం వినేది మాత్రం ఆమె మాటే. ఆమె పుట్టిల్లు షుబ్రా మలస్. అక్కడ ఎటు చూసినా అవిసె చేలే. వాళ్ల నాన్న గానుగలోనే ఆడుకుని పెరిగింది. పెళ్లయి వచ్చాక కిరసనాయిలు వాసనలో పడింది. డబ్బా సిరా ఘాటు, సాయంత్రం రోలర్లు కడిగే కిరసనాయిలు ఘాటు కలిసి చేతులు బీటలు వారాయి. దగ్గు ఏ కాలంలోనూ వదలలేదు.

ఒకనాడు మిఠాయి కొట్టు హాజీ బయ్యూమీ, నువ్వుల చిక్కీలు చుట్టే కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పడేశాడు.

"అమ్మా ఇన్సాఫ్, నీ కాగితంలో చుట్టిన చిక్కీ తింటుంటే లాంతరు వత్తి నాకినట్టుందట. జనం నన్నే తిడుతున్నారు."

సబ్రీ పకపకా నవ్వాడు. ఇన్సాఫ్ నవ్వలేదు. "ఈ మౌలిద్ పండక్కి వాసన రాని కాగితం ఇస్తాను హాజీ. నా మాట నమ్మండి" అంది.

వారం తిరక్కుండా పుట్టింటి నుంచి అవిసె నూనె తెప్పించింది. మేడ మీద ఇనప బానలో, వేళ్ల మధ్య తీగ సాగేదాకా కాచింది. ఎర్రమన్ను పలచటి గుడ్డలో జల్లించి, ఆ నూనెలో వేసి, చలవరాయి మీద వెన్నలా నూరింది. సబ్రీ నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఏమే, ఉడికిన ఫూల్ చిక్కుడు గింజల మీద పోసుకునే నూనె యంత్రానికి పోస్తావా? పనిలో పని, ఇంత నిమ్మకాయ పిండి జీలకర్ర చల్లు!"

"చల్లుతా. ముందు నువ్వు పళ్లెం పట్టుకుని కూచో."

అచ్చు దివ్యంగా పడింది. కాల్చిన ఇటుక రంగులో అక్షరాలు నిండుగా నిలబడ్డాయి. ఎప్పటిలాగే కాగితాలు ఎత్తుగా పేర్చి ఇంటికెళ్లారు. తెల్లారి చూస్తే ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. విడదీస్తే ప్రతిదాని వీపు మీదా ఎర్రటి మరక.

"అయిపోయిందా ముచ్చట? పాత డబ్బా మూత తియ్యనా?" అన్నాడు సబ్రీ.

 ఇన్సాఫ్ ఓపిగ్గా కట్టంతా విప్పింది. పై కాగితాలు, అంచులు ఆరి ఉన్నాయి. నడుమ ఉన్నవే తడి. "సిరాది తప్పు కాదు. దీనికి గాలి కావాలి. మనం ఊపిరాడకుండా పేర్చాం" అంది.

ఆ మాట మీదే లేచి హాజీ దగ్గరికెళ్లింది. "మొదటి విడత పాడైంది హాజీ. నష్టం మాదే. మళ్లీ వేస్తున్నాం."

"పండగ నీకోసం ఆగుతుందా తల్లీ?"

"పండగా ఆగదు, నేనూ ఆగను."

ఎదురుగా రొట్టెల బట్టీ ఉంది. పొద్దుటి రొట్టెలు అమ్ముడుపోయాక ఈతమట్టల తట్టలు ఖాళీగా పడుంటాయి. ఇన్సాఫ్ వాటిని అడిగి తెచ్చి, పిండి దులిపి, కాగితాలు పలచగా పరిచి, తట్ట మీద తట్ట ఎత్తింది. మట్టల సందుల్లోంచి గాలి ధారాళంగా ఆడింది. సణుగుతూ తట్టలు మోసిన సబ్రీ యంత్రం దగ్గర ఆగాడు.

"సిరా కాస్త పలచగా పడేట్టు బిగించనా? తొందరగా ఆరుద్దేమో."

"అదీ మాట! ఇన్నాళ్లూ ఎక్కడ దాచావయ్యా ఈ బుద్ధి?"

ఆ విడత ఆరాక బొటనవేలితో రుద్దినా రంగు రాలేదు. హాజీ ఒక చిక్కీ చుట్టి ఎండలో పెట్టి, విప్పి కొరికాడు. కాసేపు నమిలాడు. "నువ్వుల వాసనొస్తోంది" అన్నాడు. పెళ్లి మిఠాయి పెట్టెల అచ్చు పని కూడా అప్పగించాడు.

ఇప్పుడు ఇన్సాఫ్ రోలర్లను వంటనూనెతో తుడిచి సబ్బు నీళ్లతో కడుగుతుంది. చలికాలం వచ్చేసరికి చేతుల బీటలు పూడాయి. పక్క అచ్చాఫీసుల వాళ్లు వచ్చి అడిగితే దాచకుండా చెబుతుంది, బాన దగ్గర నిలబెట్టి చూపిస్తుంది. ఆకుపచ్చ సిరా మాత్రం ఇంకా లొంగలేదు, ఆరితే బురదరంగు తేలుతోంది. "అది మనవల్ల కాదులే" అంటాడు సబ్రీ.

"ఎర్రది అయింది, ఇదీ అవుద్ది. పొయ్యి ముట్టించు" అంటుంది ఆమె.