గడియ ఎటువైపు

మా వీధిలో తలుపులూ తాళాలూ బాగుచేసే ఆయనకు తల్లిదండ్రులు ఏ పేరు పెట్టారో గాని, వీధి పెట్టిన పేరు చాదస్తం మామయ్య. ఆ పేరు ఆయన కష్టార్జితం. ఒక మేడమెట్ల కింద, నిటారుగా నిలబడితే తల తగిలే కొట్టు ఆయనది. పనికి పిలిస్తే ముందు ఆయన దగ్గు వస్తుంది, తరువాత ఆయన వస్తాడు, పని మాత్రం తీరిగ్గా వస్తుంది.

ఆయనకొక పద్ధతి ఉంది. ఏ గదికి గడియ బిగించినా, ఆ గదిలో పడుకునే మనిషి స్వయంగా వేసి, తీసి చూడవలసిందే. చెయ్యి అందకపోతే కిందికి దించుతాడు. బిగువుగా ఉంటే నూనె వేస్తాడు. మనిషి ఇంట్లో లేకపోతే వచ్చేదాకా గడప దగ్గర కూర్చుంటాడు. ఒక గుమస్తాగారి తల్లి స్నానానికి వెళ్లిందని ఆయన అలా కూర్చుండిపోతే, గుమస్తాగారి రైలు మాత్రం కూర్చోలేదు.

"మీరు గడియ పెట్టేలోగా దొంగ వచ్చి, కాఫీ తాగి, కునుకు కూడా తీస్తాడు," అనేది ఆయన భార్య.

"కునుకు తీస్తే ఆ గదిలో పడుకున్నట్టే కదా. వాణ్నే వేసి చూడమంటాను," అనేవాడాయన.

మా వీధి చివరి ఇంట్లో ఉండే ఆవిడకు అందరూ పెట్టిన పేరు హలోగారు. ఆవిడ చాలాకాలం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. ఊరి మంచిచెడ్డలన్నీ ఆవిడ చేతిమీదుగానే పొలిమేర దాటేవి. మామయ్య పెళ్లికి ముందు కాబోయే భార్యకు ఫోన్ చేసి, వాతావరణం దగ్గరే తచ్చాడుతుంటే, "అసలు సంగతి అడగండి బాబూ, వెనక జనం ఉన్నారు," అని మధ్యలో అందుకున్నది ఆ గొంతే. "ఆవిడ గదమకపోతే మీరింకా వాన పడుతుందా లేదా అని ఆలోచిస్తూ ఉండేవారు," అని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

అంతటి గొంతు కొంతకాలంగా వీధిలో వినబడడం లేదు. చెల్లెలి కొడుకు తోడుంటానని వచ్చి చేరినప్పటి నుంచి ఆవిడ అరుగు మీదికి రావడమే మానింది. "పెద్దమ్మకు మతి నిలవడం లేదండీ," అని అతడు కనిపించినవారికల్లా చెప్పేవాడు. తియ్యటి మాటను నమలనక్కరలేదు గనుక వీధి దానిని అలాగే మింగేసింది.

ఒక ఉదయం ఆ అబ్బాయి మెట్ల కిందికి వంగి వచ్చాడు. "పెద్దమ్మ గదికి గట్టి గడియ కావాలి మామయ్యా. బయటివైపు. తలుపు తీసి ఉంటే వీధిలోకి వెళ్లిపోతోంది. ఆవిడ మంచికే."

మామయ్య దగ్గుతూ వెళ్లాడు, తలుపును తడిమాడు, సంచి దించాడు. "పెద్దమ్మగారిని పిలవండి బాబూ. వేసి చూడాలి."

"బయటి గడియ ఆవిడెందుకు వేస్తుంది?"

"అదేం నాకు తెలియదు. పడుకునేది ఆవిడ."

"నీకు చాదస్తం అంటే ఏమో అనుకున్నాను."

"అందరూ ముందు అలాగే అనుకుంటారు బాబూ," అని మామయ్య గడప దగ్గర సర్దుకుని కూర్చున్నాడు. ఆ కూర్చోవడం ఎలాంటిదో గుమస్తాగారికి తెలుసు. ఇప్పుడు ఈ అబ్బాయికీ తెలిసింది. విసుక్కుంటూ కేకవేశాడు.

హలోగారు శాలువా కప్పుకుని వచ్చింది. గడియ కోసం చెయ్యి చాపేసరికి శాలువా జారింది. మణికట్టు మీద నాలుగు వేళ్లూ అచ్చు గుద్దినట్టు కమిలి ఉన్నాయి. ఆవిడ గడియను చూసింది, తలుపు బయటివైపును చూసింది, చేతిని వెనక్కి తీసుకుంది.

మామయ్య ఆ కమిలిన చెయ్యి చూశాడు. బందులు ఊడదీసి, తలుపును వసారాలోకి మోయించి, గోడకున్న నిలువుటద్దం పక్కన నిలబెట్టి, "కాస్త పట్టుకోండి బాబూ. అంచు చిత్రిక పట్టాలి. వదిలారంటే అద్దం ముక్కలవుతుంది," అన్నాడు. ఆ అబ్బాయి రెండు చేతులా పట్టుకున్నాడు.

కొలత మరిచానని మామయ్య గదిలోకి వెళ్లాడు. "గడియ ఎటువైపు కావాలమ్మా?" అని మెల్లగా అడిగాడు.

"లోపల," అంది ఆవిడ. శాలువా సర్దుకుంటూ, "ఎదురు చెబితే చెయ్యి మెలిపెట్టి పడదోస్తున్నాడు. ఫోన్ లాక్కున్నాడు. ఇక తలుపు కూడా వేసేస్తే నా మాట వినేదెవరు?"

"నేను చెబితే చాదస్తం అంటారు. మీరు చెబితే వింటారు," అని తన ఫోన్‌లో పెద్దవాళ్ల సహాయ కేంద్రానికి కలిపి ఆవిడ చేతికిచ్చాడు.

ఆ తరువాత వసారాలో మామయ్య చిత్రిక చేసినంత చప్పుడు వీధి అంతకుముందెన్నడూ వినలేదు. చెక్కపొట్టు అబ్బాయి బూట్లను కప్పేసింది.

"ఇంకెంతసేపు?"

"మంచి చెక్క బాబూ. తొందరపడితే అలుగుతుంది."

లోపల హలోగారి గొంతు మొదట వణికింది. లైన్‌లో ఉండమని అవతలి అమ్మాయి అనగానే, "ఉంటానమ్మా. మేమూ అలాగే చెప్పేవాళ్లం," అంటూ నిలదొక్కుకుంది. ఇంటి గుర్తులూ, కమిలిన చెయ్యీ, చెయ్యి చేసుకున్నవాడి పేరూ ఒకదాని వెంట ఒకటి విడమరిచి చెప్పింది.

ఆలస్యమైందని భోజనం క్యారియర్‌తో మామయ్య భార్య వచ్చింది. ఆవిడకు కూడా తలుపు ఒక కొస అప్పగించబోయాడు గాని, గదిలోని గొంతును విని ఆమె హలోగారి పక్కన కూర్చుంది. ఆ వెనకే సహాయ కేంద్రం అధికారిణి, ఒక కానిస్టేబులుతో వచ్చింది.

"తలుపు దించండి, మాట్లాడాలి," అన్నాడు కానిస్టేబులు.

"అద్దం పగులుతుందట," అన్నాడు అబ్బాయి.

అధికారిణి అతణ్ని కాదు, హలోగారిని అడిగింది: "ఇల్లు మీది. ఇతను ఇక్కడ ఉండాలా, వెళ్లాలా?"

"వెళ్లాలి. ముందు నా ఫోన్ ఇచ్చి వెళ్లాలి."

ఫోన్ వచ్చింది. అబ్బాయి సంచి సర్దుకుని కానిస్టేబులు వెంట వెళ్లాడు. మిగతా విచారణ కార్యాలయంలో జరుగుతుందని, రేపు మళ్లీ వస్తానని చెప్పి అధికారిణి కూడా వెళ్లింది.

మామయ్య తలుపు ఎక్కించి, ఆవిడ చెయ్యి అందేచోట, లోపలివైపు గడియ బిగించాడు. ఆవిడ వేసింది, తీసింది, మళ్లీ వేసింది. మామయ్యా, భార్యా తలుపు బయట మిగిలారు.

"పని అయిపోయింది, పదండి. కూర చల్లారిపోయింది," అంది భార్య.

"ఉండు, బయటినుంచి కూడా చూడాలి," అని మామయ్య తలుపు తట్టాడు.

"హలో, ఎవరు మాట్లాడుతున్నారు?" అంది లోపలి నుంచి పాత గొంతు.

మామయ్య నీళ్లు నమిలాడు. "నేనేనమ్మా. ఇవాళ ఎండ కాస్త..."

"అసలు సంగతి చెప్పండి బాబూ, మీ వెనక మీ ఆవిడ నిలబడి ఉంది," అని, హలోగారు తానే గడియ తీసింది.