నాగన్నకో ఏడుపు పాట

పాన్‌గల్ మండలం మొత్తంలో సాహిత్యం తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ సంగతి చెప్పేది కూడా ఆయనే. పేరు నాగన్న. వయసు యాభై ఎనిమిది. చదువు ఏడో తరగతి, అందులోనూ చివరి మూడు నెలలు బడి మొహం చూడలేదు. నాలుగెకరాల చెలక, గౌరి అనే ఒక బర్రె, జములమ్మ అనే ఒక పెళ్ళాం. చెలకనూ బర్రెనూ జములమ్మ చూసుకుంటుంది. నాగన్న పాటల్ని చూసుకుంటాడు.

ఏ ఊళ్ళో పెళ్ళి బరాత్ నడిచినా, ఏ గుడి ముందర భజన మొదలైనా ఆయన అక్కడ ఉంటాడు. తల పక్కకు వంచి ఒక కన్ను మూస్తాడు. కన్ను మూశాడంటే మార్కులు వేస్తున్నాడని అర్థం. పాట అయిపోగానే, ఎవరూ అడగకపోయినా తీర్పు వస్తుంది. "రాగం దండిగున్నది. తాళం దండిగున్నది. సాహిత్యం లేదు. పదికి నాలుగు." ఆ నాలుగు మార్కులు పడ్డ ఒక భజన పెద్ద వారం రోజులు అన్నం ముట్టలేదంటారు. ముట్టలేదో, ఇంట్లో పెట్టలేదో ఎవరికి తెలుసు.

మంచి సాహిత్యం ఉన్న మేళం ఏదని అడిగితే నాగన్న ఒక్క క్షణం కూడా తడుముకోడు. వనపర్తి చోటే మియా బ్యాండు. ఎర్ర కోట్లు, ఇత్తడి బాకాలు, ఒక క్లారినెట్టు, రెండు డ్రమ్ములు. అందులో పాడేవాడే లేడు. ముప్పై ఏళ్ళుగా నోటితో ఒక్క మాట పలకని మేళానికి సాహిత్యంలో మొదటి స్థానం ఇచ్చిన మనిషి ఈ భూమండలం మీద ఇంకొకడు దొరకడు. ఆ మెప్పుకు చోటే మియాయే హడలిపోయి అడిగాడు.

"అరె నాగన్న భాయ్, మా తాన పాడెటోడే లేడు. సాహిత్యం యాడికెల్లి వచ్చె?"

"మాటలుంటే గద మియా, తప్పులు దొర్లేది! నీ దాంట్ల ఒక్క మాట తప్పున్నదా?"

చోటే మియా బాగా ఆలోచించి, లేదని ఒప్పుకుని, ఛాయ్ తాగించాడు.

ఇక పాటలు కట్టేవాళ్ళలో నాగన్న మెచ్చినవాడు బిజినేపల్లి సుదర్శన్. ఆయనకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. ఆర్డరు ఇస్తే పాట కట్టి, పాడించి ఫోనుకు పంపిస్తాడు. పుట్టినరోజుకు పాట, పెళ్ళికి పాట, సర్పంచ్ ఎన్నికకు పాట, మనిషి పోతే దినాలనాడు మైకులో వేసుకోవడానికి పాట. పేరు ఒక్కటి చెప్తే చాలు. నాగన్నకు అతనంటే ఎందుకంత ఇష్టమంటే, ఒకసారి సుదర్శన్ తన యూట్యూబ్ చానల్లో పాట కింద 'సాహిత్య అభిమాని నాగన్న గారికి వందనాలు' అని వేశాడు. ఆ రోజు నుంచి సుదర్శన్ ఏం రాసినా పదికి తొమ్మిది.

భజనలూ బరాతులూ సరే, నాగన్న అసలైన పరీక్ష పెట్టేది చావు ఇళ్ళలో. ఈ దిక్కున మనిషి పోతే ఆడవాళ్ళు ఊరికే ఏడవరు. శోకం పెడతారు. పోయినవాడు ఏం తెచ్చాడు, ఎవరికి పెట్టాడు, ఏ బిడ్డను భుజాన మోశాడు, ఏ కరువులో ఎట్లా ఈదాడు, అన్నీ వరసగా రాగం తీసి చెప్పుకుంటూ ఏడుస్తారు. అంతా అప్పటికప్పుడు కట్టిందే. పాడె లేచేలోపు ఆ మనిషి బతుకంతా ఊరి చెవిన పడుతుంది. చెప్పుకోవడానికి ఎంత ఉంటే శోకం అంత పొడుగు. అక్కడ కూడా నాగన్న గోడకానుకుని కన్ను మూసేవాడు.

పక్కింటి లలితమ్మ అత్త పోయినప్పుడు ఆమె గంటన్నర శోకం పెట్టింది. గొంతు పోయి నీళ్ళు తాగుతుంటే నాగన్న పక్కకు పోయి కూర్చున్నాడు.

"లలితా, ఎత్తుకునుడు బాగెత్తుకున్నవ్. నడుమ జర సాగదీసినవ్. చింతకాయ తొక్కు సంగతి రెండుసార్లు వచ్చింది సూడు."

లలితమ్మ ముక్కు చీది, కొంగుతో తుడుచుకుని, ఆయన్ను పైనుంచి కిందికి చూసింది. "నువ్వు గూడ పో బావా. నీ మీద ఒక్క ముక్కల ముగిస్త. అస్సలే సాగదియ్య."

ఆ మాట నాగన్నను పట్టుకుంది. ఇంటికొచ్చి లెక్కేసుకున్నాడు. ఊళ్ళో అందరి శోకాలకూ మార్కులు వేసిన తన మీద శోకం పెట్టేది ఎవరు? అక్కచెల్లెళ్ళు లేరు. కొడుకూ కోడలూ గద్వాలలో ఉంటారు. కోడలు ఫోనులో ఏడుపు బొమ్మ ఒకటి స్టేటస్ పెట్టి చేతులు దులుపుకునే రకం. మిగిలింది జములమ్మ. గట్టు అనే ఊరి నుంచి కాపురానికొచ్చి ముప్పై ఆరేళ్ళయింది. ఆమె నోట ఇంతవరకు ఒక్క పాట రాలేదు. సొంత తండ్రి పోయిన రోజు కూడా శవం కాళ్ళ దగ్గర కూర్చుని కొంగుతో ఈగలు తోలింది తప్ప నోరు విప్పలేదు. రేపు తన పాడె కూడా అట్లా మూగగా లేస్తే? చూడవచ్చిన మూడు ఊళ్ళవాళ్ళు 'సాహిత్యం నాగన్న చావులో సాహిత్యం లేదు' అనుకుంటూ పోతే? రెండు రోజులు నాగన్నకు ముద్ద దిగలేదు. మూడో రోజు అడిగేశాడు.

"జములీ, నేను పోతే ఏమని ఏడుస్తవే?"

జములమ్మ పల్లికాయ ఒలుస్తోంది. తల ఎత్తలేదు. "ఎప్పుడు పోతున్నవ్?"

"ఎప్పుడో ఒకప్పుడు పోత గద."

"పోయినంక సూద్దం. ఆ చాట ఇటియ్యి."

"గట్ల కాదే. జర ఇప్పుడే రెండు ముక్కలనరాదు? నేను ఇంట."

"బతికున్న మొగని మీద శోకం పెడ్తే ఊరోళ్ళు నా మొకాన ఉమ్ముతరు. నీకు ఇనాలనుంటే ముందు సచ్చిపో."

ఇది అయ్యే పని కాదని నాగన్న బస్సెక్కి బిజినేపల్లి పోయాడు. తన చావుకు తానే పాట ఆర్డరిచ్చిన మొదటి మనిషి ఆయనే అయ్యుంటాడు. సుదర్శన్ కాగితం కలం తీసుకుని కూర్చున్నాడు.

"సెప్పు మామా. నువ్వు సేసిన మంచి సంగతులు ఓ నాలుగు సెప్పు. ఎవలకన్న సాయం జేసినవా? ఊరికి బోరేయించినవా? బీదపిల్ల పెండ్లి గిట్ల జేసినవా?"

నాగన్న నోరు తెరిచాడు. నోరు తెరిచే ఉండిపోయింది. ఒక ఈగ లోపలికి పోయి, నాలుగు మూలలా తిరిగి, ఏమీ దొరక్క బయటికొచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. సుదర్శన్‌కు జాలేసింది.

"పరేషాన్ గాకు మామా. మా తాన తయారున్న పాట ఉంటది. పేరు మారుస్త."

నాలుగో రోజుకు పాట ఫోనులో దిగింది. ఇద్దరు ఆడపిల్లలు వంతపాడారు. 'మండలానికి పొద్దుపొడుపు మా నాగన్న, గుడిసె గుడిసెకు దీపం మా నాగన్న' అని అయిదు నిమిషాలు సాగింది. అంతకుముందు ఎవరో సర్పంచ్ అభ్యర్థికి కట్టిన పాటే అది. చివర్లో 'అత్యధిక మెజారిటీతో సాగిపోవయ్యా' అన్న ముక్క తీసేయడం సుదర్శన్ మరిచిపోయాడు. నాగన్న దాన్ని కూడా సమర్థించుకున్నాడు. స్వర్గంలో మాత్రం మెజారిటీ ఉండదా?

జములమ్మను కూర్చోబెట్టి వినిపించాడు. ఆమె చివరిదాకా బుద్ధిగా వింది.

"ఎవలాయన? మంచోని లెక్కున్నడు పాపం."

"నేనేనే!"

"నువ్వా? మండలానికి పొద్దుపొడుపా? నువ్వు లేసేసరికి పొద్దు నెత్తి మీదికొస్తది గద."

"గదంత నీకెందుకు? గీ పాట నోటికి నేర్సుకో. నేను పోయిననాడు తప్పు లేకుంట సెప్పాలె."

జములమ్మ ఆయన మొహం చూసింది. "మంచిది. రేపు నేను పత్తేరనీకె పోత. నువ్వు బర్రెను మేపుకుంట ముందుగాల నువ్వు నేర్సుకో. ఎనక నాకు నేర్పుదువు."

ముప్పై ఆరేళ్ళలో నాగన్న చేతికి బర్రె పలుపు రావడం అదే మొదటిసారి. చెలక గట్టు మీద గౌరిని వదిలి, వేపచెట్టు నీడన కూర్చుని, చెవుల్లో తీగలు పెట్టుకున్నాడు. మామూలు పాటలకు ఒక కన్ను మూసేవాడు, ఈ పాటకు రెండూ మూశాడు. ఎన్నిసార్లు విన్నా తనివి తీరలేదు. పేరు వచ్చిన ప్రతిసారీ ఒళ్ళు పులకరించింది.

గట్టుకు అవతల లలితమ్మ చేను. వాన లేక మోకాలెత్తున ఆగిపోయిన జొన్న. ఎదగని ఆ పసిజొన్న మేస్తే పశువుకు నాము విషం పట్టి, అరగంటలో ప్రాణం పోతుందని ఈ దిక్కున పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. నాగన్నకూ తెలుసు. కానీ కళ్ళు తెరిస్తే కదా. పదకొండోసారి అత్యధిక మెజారిటీ దగ్గరికి వచ్చేసరికి లలితమ్మ కేకలు తీగల్ని దాటుకుని వినబడ్డాయి. అప్పటికి గౌరి చేను మధ్యలో నురగలు కక్కుతూ పడిపోయింది. పశువుల డాక్టరుకు ఫోను చేసేలోపు కాళ్ళు చాచేసింది.

జములమ్మ పత్తి చేను నుంచి ఒడిలో పత్తి ఒడిలోనే ఉండగా పరుగెత్తుకొచ్చింది. గౌరి తల ఒళ్ళోకి తీసుకుంది. నోరు తెరిచింది.

"నన్నొక్కదాన్ని జేసి యాడికి పోతివి నా గౌరమ్మా...
కోడి కుయ్యకముందు నన్ను పేరు వెట్టి లేపితివే...
మంచంల మొగోడు గురక వెడ్తె నాకు తోడు నిలిస్తివే...
జరమొచ్చి నేను పడ్డనాడు గడ్డి ముట్టకపోతివే...
సాహిత్యపాయన మూడు మార్లు సంగటి దిని తేన్చెనే...
కొడుకు సదువు నీ పాలల్ల, కొడుకు పెండ్లి నీ పెరుగుల...
పన్నెండేండ్లు ఇంట్ల మనమిద్దరమే పని జేస్తిమే...
సావని మొగడు సావుపాట సెవులల్ల వెట్టుకోనుంటె...
సావరాని నా తల్లీ, నువ్వు నిజంగ సస్తివే..."

అట్లా మొదలైన శోకం రెండు గంటలు ఆగలేదు. ఒక్క ముక్క రెండోసారి రాలేదు. పత్తి ఏరే కూలీలంతా వచ్చి ఏడ్చారు. దారిన పోయే ఆర్టీసీ బస్సు ఆగి డ్రైవరు ఏడ్చాడు, టికెట్టు ఇవ్వడం మరిచి కండక్టరు ఏడ్చాడు. ఆ సాయంత్రం పాన్‌గల్‌లో తాగిన ఛాయ్ అంతా ఉప్పగా ఉందంటారు. ఊరి మగవాళ్ళు మాత్రం ఏడవలేదు. నాగన్న వైపు చూస్తూ నిలబడ్డారు.

నాగన్న పరిస్థితి ఏమని చెప్పాలి. సిగ్గుతో తల నేలకు దిగుతోంది, కన్ను మాత్రం అలవాటు కొద్దీ మూసుకుంటోంది. శోకం ఒక విరుపు తీసుకున్న చోట ఆయన నోరు కూడా జారింది.

"పదికి పది!"

జములమ్మ ఏడుపు ఆపకుండానే చేతికందిన చెప్పు విసిరింది. అది వెళ్ళి ఆయన మాడుకు తగిలింది. రాగం ఇంత కూడా తప్పలేదు.

ఎవరో ఫోనులో పట్టుకున్నారు. తెల్లారేసరికి ఆ శోకం వనపర్తి, నాగర్‌కర్నూల్ దాటింది. సుదర్శన్ ఫోను చేశాడు. నాగన్న సంబరంగా ఎత్తాడు. "మామా, నీతోని కాదు. అత్తకియ్యి. మా చానల్ల పాటలు కడ్తదా అడుగుత." జములమ్మ ఆ ఫోనును తీసుకోనైనా లేదు. "మా గౌరి పోయిన దుఃఖం అమ్ముకుంటనా? పెట్టెయ్యి" అంది.

నాలుగు రోజులు ఇంట్లో మాటల్లేవు. అయిదో రోజు నాగన్న పిల్లిలా వచ్చి అరుగు కింద కూర్చున్నాడు.

"ఇంత సాహిత్యం కడుపుల వెట్టుకోని ఎన్నడన్న సెప్పినవా జములీ?"

"మా నాయన పోయినప్పుడు నోరు తెర్సిన. నువ్వు గోడకానుకోని కన్ను మూసినవ్. మా నాయనకు మార్కులేస్తవని మల్ల మూసుకున్న."

నాగన్న మట్టిలో పుల్లతో గీతలు గీశాడు. కానీ మనిషికి ఆశ పోదు కదా. "నా మీద గూడ... గట్లనే పెడ్తవా?"

"పెడ్త. ఎందుకు పెట్ట? ఉన్నదంత పెడ్త. లేనిది కల్పుడు నాకు రాదు."

అప్పటికి అర్థమయింది నాగన్నకు, తన కొంప ఎట్లా మునిగిందో. శోకం పెట్టే మనిషి దొరికింది. గొంతు దొరికింది, సాహిత్యం దొరికింది. ఉన్నదున్నట్టు పెడుతుంది, అదీ మూడు ఊళ్ళ ముందర! ఆ ఉన్నది ఏమిటో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. గురక, సంగటి, చచ్చిన బర్రె.

మర్నాడు కోడి కూయకముందే నాగన్న లేచి వాకిలి ఊడ్చాడు. చూసిన లలితమ్మ దొంగ అనుకుని అరిచింది. తర్వాత నీళ్ళ బిందెలు మోశాడు. చెలకలో కలుపు తీశాడు. ఏ పని చేసినా జములమ్మ ముందుకొచ్చి నిలబడి "ఇది శోకంల పడ్తదా?" అని అడిగేవాడు. ఆమె చాటలో బియ్యం చెరుగుతూ "సూద్దం" అనేది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ పెగల్లేదు. గద్వాల కోడలికి జ్వరమొస్తే తానే పోయి దవాఖానకు తీసుకుపోయి, జావ కాచి పోసి వచ్చాడు. "ఇది?" అన్నాడు. "సూద్దం" అంది.

ఈ మధ్య పత్తి చేలలో ఆడవాళ్ళ వరసలో ఒక్క మగవాడు కనబడితే అది నాగన్నే. ఒడి కట్టుకుని, నడుం విరిగినట్టు వంగి ఏరుతుంటాడు. మొన్న ఎండ దెబ్బకు సాలులోనే కూలబడ్డాడు. లలితమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి మొహాన కొట్టి, జములమ్మ వైపు తిరిగింది.

"అక్కా, బావ నిజంగనే పోయేటట్టున్నడే. ఇంక సాలియ్యరాదు?"

జములమ్మ వచ్చి, ఆయన నాడి చూసి, తలకు తడిగుడ్డ చుట్టి, తన ఒడిలోని పత్తి తీసి ఆయన తలకింద పెట్టింది.

"ఇప్పటికి ఒక్క ముక్కకు సరిపోను జమైంది. ఇంకో పదేండ్లు గిట్లనే సేస్తే మంచి శోకమైతది" అంది. "అందాక సావనియ్య."