బండ మీది మొక్కా, కాలేజీ తాళమూ

నాగేశ్వరి గారంత మొండిఘటాన్ని నా ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో చూడలేదు. దిల్‌సుఖ్‌నగర్ దగ్గరి మా సర్కారు జూనియర్ కాలేజీలో ఆవిడది బోటనీ, నాది జువాలజీ. ఆవిడ నల్లగొండ పల్లె నుంచి వచ్చి హయత్‌నగర్‌లో స్థిరపడిన ఆర్టీసీ కండక్టర్ బక్కయ్య కూతురు. నేను తెనాలి నుంచి వచ్చిన పట్టాభిని. ఉద్యమం రోజుల్లో కూడా మేమిద్దరం ఒకే బల్ల దగ్గర అన్నం తిన్నామంటే, ఆ గొప్పంతా ఆవిడ తెచ్చే పచ్చిపులుసుదే.

పెద్ద అంబర్‌పేట్ అవతల ఒక పెద్ద బండ ఉండేది. వానలకు దాని గుంతల్లో నీళ్లు నిలిస్తే, అందులో వేలెడంత మొక్క ఒకటి ఊదారంగు పూలు పూసేది. చుట్టుపక్కల బండలన్నీ ఆవిడ గాలించినా అది ఇంకెక్కడా కనబడలేదు. కొండను తవ్వి ఎలుకను పడుతున్నారని నేను నవ్వేవాణ్ణి. ఆకుల అమరికనీ, పూరేకుల్నీ చూసి దాని ప్రజాతి ఏదో ఆవిడ పోల్చుకున్నారు. మొక్కలకు ప్రజాతి మన ఇంటిపేరు లాంటిది, ముందే వస్తుంది. ఆ తర్వాత రావాల్సిన సొంత పేరే తేలలేదు. పూలున్న నమూనాలు వృక్షశాస్త్ర నిపుణుడొకాయనకు పంపితే, ఆ పెద్దాయన "కొత్త జాతిలాగే ఉందమ్మా. గింజ మీది గీతలు చూడందే చెప్పలేను" అన్నాడు. గింజతో సహా ఎండబెట్టిన నమూనాను హెర్బేరియంలో భద్రపరచి, వివరాలు అచ్చువేయిస్తే గాని పేరు నిలవదు.

పేరు మాత్రం ఆవిడ ముందే అనుకున్నారు. చివర 'తెలంగానెన్సిస్' అని వస్తుంది.

"రాష్ట్రం రాకముందే మొక్కకి పెట్టేస్తారా?" అని ఏడిపించాను.

"రాష్ట్రం ఒచ్చేదాక మొక్క ఆగుతదా సార్?" అన్నారు.

2011 సెప్టెంబరులో ఎట్టకేలకు కాయలు దొరికాయి. మొక్కల్ని పాత పేపర్ల మధ్య పరిచి, చెక్కల నడుమ బిగించి ల్యాబ్‌లో పెట్టారు. అసలు చాకిరీ ఆ తర్వాతే ఉంటుంది. తడిసిన పేపర్లు తీసేసి రోజూ పొడివి మార్చాలి. మార్చకపోతే బూజు పడుతుంది.

అంతలో సకల జనుల సమ్మె మొదలైంది. మా కాలేజీకి తాళం వేసింది స్వయానా నాగేశ్వరి గారే. రెండు మూడు రోజుల్లో ఢిల్లీ దిగివస్తుందని అందరిలాగే ఆవిడా నమ్మారు. తాళంచెవి మా అటెండర్ మహిపాల్ జేబులో ఉంది. ఎల్బీనగర్ దీక్షా శిబిరంలో ఆవిడ రోజూ కూర్చునేది అతని పక్కనే.

వారం దాటింది. బస్సుల్లేవు, నడిచే శిబిరానికి వెళ్లాను. నినాదాలిచ్చి ఇచ్చి ఆవిడ గొంతు బొంగురుపోయింది. పక్కకు పిలిచి, "ఒక్క గంట తాళం తీయమనండి, పేపర్లు మార్చుకుందురు గాని" అన్నాను.

"ఎట్ల అడగాలె సార్? పిల్లల చదువులు ఆగినయ్, మా నాయిన బస్సు ఆగింది. నా మొక్క కోసం తాళం తీయుమంటే ఏమనుకుంటరు?"

"పోనీ, నేనడుగుతాను."

"మీరడిగితే ఆంధ్రా సారు కాలేజీ తెరిపిచ్చిండంటరు. వద్దు సార్."

నాకు ఒళ్లు మండింది. అయినా ఆవిడ మాట కాదనే ధైర్యం ఆ రోజుల్లో నాకెక్కడిది? వచ్చిన దారినే ఇంటికి నడిచాను.

సమ్మె వారాల తరబడి సాగింది. ఆగాక మహిపాలే తాళం తీశాడు. చెక్కలు విప్పితే పేపర్లు అట్టకట్టి ఉన్నాయి, మధ్యలో నల్లటి బూజు. కాయ ముట్టుకుంటే వేలికి మసి అంటింది. గింజ ఒక్కటీ మిగల్లేదు. బండ మీద గుంతలు అప్పటికే ఎండిపోయాయి.

సంగతి తెలిసి మహిపాల్ లబోదిబోమన్నాడు. "నన్నొక్క మాట అడగకపోతిరి మేడం! నేనే తీస్తుంటి. గంటసేపు తాళం తీస్తే తెలంగాణ ఆగుతదా?"

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆవిడ అడగలేదు, వాళ్లు కాదనలేదు. మహిపాల్ ఆ మాట అన్నాక ఆవిడ ముఖం చూడలేక నేను వరండాలోకి వచ్చేశాను.

మరుసటి ఏడు వానలు పడగానే నన్ను వెంటబెట్టుకుని బయలుదేరారు. వెళ్లి చూస్తే బండ లేదు. పేల్చి కంకర చేసి, నేల చదును చేసి, వరసగా తెల్లటి హద్దురాళ్లు పాతారు. ఆవిడ ఒక రాయి మీద కూలబడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చారు. ఎవరి మీద కోప్పడాలో నాకు తెలియలేదు.

వెంచర్ వాచ్‌మన్ చెంబుతో నీళ్లు తెచ్చాడు. "ప్లాటు పోయిందా అమ్మా? మీ లెక్క మోసపోయినోళ్లు మస్తుమంది ఒచ్చి ఏడుస్తున్రు. మీది ఏ నంబరు?"

నేను చెప్పబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

"నంబరు లేదన్నా," అన్నారు. "పేరు గుడ పెట్టలే."

వాచ్‌మన్‌కు ఏమర్థమైందో గాని, చెంబు కింద పెట్టి, తలకు చుట్టిన రుమాలు తీసి పక్కన నిలబడ్డాడు.