ఫ్లెక్సీకెక్కిన చిప్

మిర్యాలగూడలో బస్సు దిగేసరికి ఎదురుగా నేనే ఉన్నాను, ఫ్లెక్సీ మీద, నిలువెత్తున. నా పక్కన ఎక్కడినుంచో దించిన చిప్ బొమ్మ. కింద "మన ఆడబిడ్డ చేతిలో తొలి చిప్" అని పెద్ద అక్షరాలు. ఓ మూల చేతులు జోడించి మా నాయిన. నాకు ఒళ్లు మండిపోయింది.

నేను ఇంజనీరుగా పనిచేసే చిప్‌ల ఫ్యాక్టరీలో కొత్త పద్ధతిలో మొదటి చిప్ పనిచేసిందని టీవీలో చూసి కట్టించాడట. అబద్ధమేమీ కాదు. సిలికాన్ పలక మీద వందల చిప్‌లు ఒకేసారి తయారవుతాయి. చాలా పలకలు చెడిపోయాక ఒక పలక బాగా వచ్చింది. దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి పండగ చేశారు. చూడవచ్చిన పెద్దలు, అమ్మకానికి ఎప్పుడు తయారవుతుందని నన్నడిగారు. "సిద్ధం" అనమని మా పైవాళ్లు ముందే చెప్పి ఉంచారు. నా నోరు ఊరుకుంటేనా! "ఇంకా కాలేదండీ, మిగతా పలకలు కూడా చూడండి" అన్నాను. మర్నాడే కొన్నాళ్లు సెలవు తీసుకోమన్నారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియకుండా ఇంటికొచ్చాను.

"వచ్చినవా బిడ్డా! ఫ్లెక్సీ సూసినవా?" అన్నాడు నాయిన, స్వీటు డబ్బా తెరుస్తూ.

"ముందు అది దింపియ్యి నాయినా."

ఆయన ముఖం వాడిపోయింది. జరిగిందంతా చెప్పాను. "ఒకటన్న పనిచేసింది గద!" అని గొణిగాడు.

"నువ్వెప్పుడన్న పైన పిడికెడు సూసి లారీ వడ్లు కొన్నవా?"

మా నాయిన రైస్ మిల్లుకు వడ్లు చూసి కొంటాడు. గరిడేపల్లి నుంచో పెన్‌పహాడ్ నుంచో లారీ వస్తే పై బస్తాల వైపు చూడనే చూడడు. అడుగు బస్తాలో ఇనుప గొట్టం గుచ్చి గింజలు తీసి, కొరికి చూస్తాడు. దళారులు ఎంత సణిగినా లెక్కచేయడు. చిన్నప్పుడు పక్కన నిలబడి అదంతా చూస్తూ పెరిగినదాన్ని, నాకు వేరే బుద్ధి ఎట్లా వస్తుంది?

నాయిన స్వీటు డబ్బా మూత పెట్టేశాడు. "మరి నౌకరి?" అన్నాడు.

"తెల్వది."

చొక్కా తగిలించుకుని బయలుదేరాడు. ఎవరితో గొడవ పెట్టుకుంటాడోనని నేనూ వెంట పడ్డాను. బస్టాండు దగ్గర నిచ్చెన వేయించి తనే ఎక్కి తాళ్లు విప్పసాగాడు. టీ కొట్టతను ఊరుకోలేదు. "ఏందన్నా, నిన్ననే కడితివి, అప్పుడే దింపుతున్నవ్? చిప్ గిట్ల కాలేదా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మా నాయినకు నలుగురిలో తలవంపులంటే ప్రాణం పోయినంత పని. గాలికి చిరిగిందనో, అక్షరం తప్పు పడిందనో అంటాడనుకున్నాను.

నిచ్చెన మీదినుంచే అందరికీ వినపడేలా అన్నాడు: "ఇంక కాలే తమ్మీ. కాలేదని అంత పెద్దోళ్ల ముందల చెప్పింది గూడ నా బిడ్డనే."